ఆగస్టులో వేసిన మార్కులు

మా మనవడు తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. 'తాతయ్యా! ఇరవై అయిదు జట్ల పేర్లు రాయి. జనవరిలో ఎవరు గెలుస్తారనుకుంటున్నావో వాళ్లని ఒకటో నంబరులో పెట్టు. మిగతావి వరసగా' అన్నాడు. అప్పటికి మేం అమెరికా వచ్చి వారమే అయింది. రాత్రి రెండింటికి మెలకువ రావడం, పగలు కంచం ముందు కునికిపాట్లు పడటం ఇంకా తగ్గలేదు. 'నాకేం తెలుసురా ఆ ఆటలు' అన్నాను. వాడు వదిలితేనా! 'నువ్వు మ్యాథ్స్ టీచర్‌వి కదా. అమ్మ చెప్పింది, నువ్వు మార్కులు ముందే చెప్పేసేవాడివంట' అన్నాడు.

వంటింట్లో పోపు వేస్తున్న మా అమ్మాయి వెనక్కి తిరగలేదు. ఆవాలు చిటపటలాడుతున్నాయి. వినలేదేమో అనుకున్నాను.

ఇది 2025 ఆగస్టు సంగతి. ఊరు బ్లూమింగ్టన్. ఇండియానా రాష్ట్రంలో యూనివర్సిటీ చుట్టూ పెరిగిన చిన్న ఊరు. సున్నపురాయి మేడలు, పెద్ద పెద్ద చెట్లు, ఊరు దాటితే మొక్కజొన్న, సోయా పొలాలు. మాది తణుకు దగ్గర పల్లెటూరు కాబట్టి పొలాలు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ పొలాల్లో మనిషి కనిపించడు. అది వేరే కథ.

ముందు ఈ ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. పేరు ఫుట్‌బాలేగానీ కాలితో తన్నేది తక్కువ. బంతి కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. వంద గజాల మైదానం. బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. లేకపోతే బంతి అవతలివాళ్లకి. అవతలి గీత దాటితే ఆరు పాయింట్లు. చూస్తే మన కబడ్డీ గుర్తొస్తుంది. కాకపోతే పట్టుకునేవాళ్లు ఒక్కొక్కరూ వంద కిలోల పైమాటే, నెత్తిన ఇనప టోపీలు!

ఆశ్చర్యం ఏమిటంటే, ఇవి కాలేజీ పిల్లల ఆటలు. శనివారం వస్తే ఊళ్లకి ఊళ్లే కదిలిపోతాయి. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో లక్షా ఏడు వేల మంది కూర్చోవచ్చు. మన కాలేజీల్లో స్పోర్ట్స్ డే నాడు ప్రిన్సిపల్‌గారి కుర్చీకి షామియానా వేయడమే గొప్ప.

ఇక అంచనాల గొడవ. దేశం మొత్తం మీద పెద్ద విభాగంలోనే నూటముప్పైకి పైగా జట్లున్నాయి. అందరూ అందరితో ఆడటం కుదరదు. ఒక్కో జట్టు ఆడేది డజను ఆటలు. మరి ఎవరు గొప్పో ఎలా తేల్చాలి? అందుకని 1936 నుంచీ అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వారంవారం పత్రికలవాళ్ల చేత ఓట్లు వేయించి జాబితా ఇస్తోంది. 1950 నుంచి, ఒక్క ఆటా జరక్కముందే ఒక జాబితా వేయడం కూడా మొదలైంది. అరవై మందికి పైగా విలేకరులు తలా పాతిక పేర్లు రాస్తారు. మొదటి పేరుకి ఇరవై అయిదు పాయింట్లు, రెండో పేరుకి ఇరవై నాలుగు, చివరిదానికి ఒకటి. అన్నీ కూడితే ర్యాంకులు. ఆ మొట్టమొదటి ఏడాది ఏమైందో తెలుసా? 1950లో ఆటలకి ముందు ఒకటో నంబరు ఇచ్చింది నోటర్ డామ్ జట్టుకి. డిసెంబరు నాటికి ఆ పేరు అసలు జాబితాలోనే లేదు! 2012లో సదరన్ కాలిఫోర్నియాకీ ఇదే గతి పట్టింది. 2007లో అయిదో ర్యాంకుతో మొదలుపెట్టిన మిషిగన్, సొంత మైదానంలో మొదటి ఆటలోనే, కింది విభాగంలోని అపలాచియన్ స్టేట్ చేతిలో 34-32తో ఓడిపోయింది. మా మనవడు ఇవన్నీ ఎక్కాల్లా అప్పజెబుతాడు. వాడికి పదిహేనేళ్లు. తెలుగు నెలల పేర్లు మాత్రం చైత్రం, వైశాఖం దగ్గరే ఆగిపోతాయి.

ఇన్నిసార్లు తప్పుతున్నా ఆ విలేకరులు మళ్లీ ఆగస్టు వచ్చేసరికి జాబితా వేస్తూనే ఉన్నారు. జనం చదువుతూనే ఉన్నారు. నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ముప్ఫై రెండేళ్లు నేను చేసిందీ అదే.

జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ప్రతి జూన్‌లో పదో తరగతి పిల్లలకి మొదటి వారంలోనే చిన్న పరీక్ష పెట్టేవాణ్ణి. భిన్నాలు, వర్గమూలాలు, ఓ త్రిభుజం. పేపర్లు దిద్ది, చేతిరాత చూసి, తొమ్మిదో తరగతి మార్కులు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కరికి పబ్లిక్‌లో నూటికి ఎంత వస్తుందో నా డైరీలో రాసేవాణ్ణి. మే నెలలో ఫలితాలొచ్చాక స్టాఫ్‌రూమ్‌లో ఆ డైరీ తీసేవాణ్ణి. అయిదు మార్కులు అటూ ఇటూగా చాలామందివి సరిపోయేవి. 'మాస్టారి నోట శని, గురుడు ఉన్నార్రా' అని తెలుగు పండితులు అనేవారు. హెడ్మాస్టరుగారైతే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకి నన్ను ప్రత్యేకంగా పరిచయం చేసేవారు. చెప్పొద్దూ, గర్వంగా ఉండేది.

తప్పినవి లేవా? ఉన్నాయి. గోచీపాతలాంటి నిక్కరుతో వచ్చే ఒక చేనేత కుర్రాడికి ముప్ఫై వేశాను. తొంభై మూడు వచ్చాయి. 'కాకతాళీయం' అన్నాను. ఆ మాట అనడం ఎంత సుఖమో! సరిపోయినవన్నీ నా తెలివి, తప్పినవన్నీ కాకతాళీయం.

డైరీ అంతటితో ఆగిపోతే బాగానే ఉండేది. దాన్నిబట్టే బెంచీలు మార్చేవాణ్ణి. అరవై దాటేవాళ్లు ముందు. సాయంత్రం అయిదింటి నుంచి ఏడింటి దాకా స్పెషల్ క్లాసు కూడా వాళ్లకే. జీతం లేని పనే. పుణ్యమనే అనుకున్నాను. ఉన్నది ఒక్కణ్ణి, అందరికీ చెప్పలేను కదా, పనికొచ్చేవాళ్లకి చెబుదాం అని.

1996లో మా అమ్మాయి పదో తరగతి. నా క్లాసులోనే. జూన్‌లో డైరీలో దాని పేరు పక్కన 45 అని రాశాను. మేలో 44 వచ్చాయి. స్టాఫ్‌రూమ్‌లో డైరీ తీసి చూపించి, 'సొంత కూతురైనా లెక్క లెక్కే' అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు అది కరస్పాండెన్స్ కాగితాలేవో ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉందన్న సంగతి తర్వాత మా ఆవిడ చెప్పింది. నేనేమీ అనలేదు. అదీ ఏమీ అనలేదు. తర్వాత బైపీసీ తీసుకుంది, డిగ్రీ చేసింది, పెళ్లయింది, ఇక్కడికొచ్చింది. ముప్ఫై అయిదు దాటాక ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చదువుకుని ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం తెచ్చుకుంది. ఫోన్లో వారం వారం మాట్లాడుకునేవాళ్లం. బీపీ, వర్షాలు, కొబ్బరికాయల ధర. లెక్కల ఊసు మాత్రం ఎప్పుడూ రాలేదు.

సరే, మనవడి కాగితం దగ్గరకొద్దాం. ఏదైనా చేస్తే పద్ధతిగా చేయడం నా అలవాటు. కిందటేడు ఎవరు ఎన్ని గెలిచారు, పాత ఆటగాళ్లు ఎంతమంది మిగిలారు, కోచ్ ఎన్నేళ్లుగా ఉన్నాడు... అన్నీ వాడి చేత చెప్పించుకుని నాలుగు రోజులు లెక్క కట్టాను. వాడే ఒక చిక్కు చెప్పాడు. ఇప్పుడు ఆటగాళ్లు ఒక యూనివర్సిటీ వదిలి ఇంకోదానికి ఇట్టే మారిపోవచ్చు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటారు. 2021 నుంచి వాళ్ల పేరు మీద డబ్బు సంపాదించుకోవడానికీ అనుమతి ఉంది. అందుకని నిరుటి జట్టు ఈ ఏటి జట్టు కాదు. 'మరి లెక్క దేనిమీద కట్టాలిరా?' అంటే, 'అదే తాతయ్యా ఫన్' అన్నాడు.

చివరికి నా జాబితా, ఆగస్టు 11న వచ్చిన అసలు జాబితా ఇంచుమించు ఒకటే అయ్యాయి. టెక్సస్, పెన్ స్టేట్, ఒహాయో స్టేట్, క్లెమ్సన్, జార్జియా. 'చూశావా, పెద్దవాళ్లందరికీ నాకూ ఒకటే ఆలోచన' అని మీసం దువ్వుకున్నాను. వాళ్ల ఊరి జట్టు ఇండియానాకి పత్రికలవాళ్లు ఇరవయ్యో ర్యాంకు ఇచ్చారు. నేనైతే అసలు ఇవ్వలేదు.

నా తప్పు కూడా కాదు. ఇది బాస్కెట్‌బాల్ ఊరు. ఫుట్‌బాల్‌లో ఓడిపోయిన ఆటల సంఖ్య లెక్కేస్తే దేశంలో ముందువరసలో ఉండే జట్టు ఇది. 2023లో పన్నెండింటికి మూడే గెలిచారు. ఆ చివర్లో కర్ట్ సిగ్నెటీ అనే కోచ్ వచ్చాడు. అప్పటికే అరవై దాటినవాడు. ఎలా నమ్మమంటారు అని అడిగితే, నేను గెలుస్తాను, గూగుల్‌లో చూసుకోండి అన్నాడట! 2024లో వాళ్ల పద్దెనిమిది జట్ల కూటమిలో విలేకరులు వేసిన అంచనా పదిహేడో స్థానం. తీరా చూస్తే పన్నెండింటిలో పదకొండు గెలిచారు. అయినా ఒహాయో స్టేట్ చేతిలో, తర్వాత నోటర్ డామ్ చేతిలో ఓడారు కాబట్టి, 'చిన్నవాళ్లని కొట్టారులే, పెద్దవాళ్లు ఎదురైతే చేతులెత్తేశారు' అన్నారు అందరూ. నేనూ ఆ మాటే పట్టుకున్నాను. స్టాఫ్‌రూమ్ భాషలో చెప్పాలంటే, కాకతాళీయం.

పక్కింటి పెద్దాయన నలభై ఏళ్లుగా టిక్కెట్లు కొంటున్నాడట. 'సగం ఆట కాగానే ఇంటికొచ్చేసేవాళ్లం. పార్కింగ్ స్థలంలో మాంసం కాల్చుకుని తినడమే మా అసలు ఆట' అని నవ్వేవాడు. ఆయన కూడా తన అంచనాలో సొంత జట్టుని పన్నెండులో పెట్టాడు.

అందరి కాగితాలూ కవర్లలో పెట్టి, అంటించి, మా మనవడు దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం వెనక దాచాడు. అల్లుడిది, మా ఆవిడది కూడా. మా ఆవిడ జట్ల బొమ్మలు చూసి, పులులు, ఎలుగుబంట్లు ఉన్నవాటిని ముందు రాసింది. అమ్మాయి అందరికంటే ఆఖరున, డ్యూటీకి వెళ్తూ వెళ్తూ, నిలబడే ఏదో రాసి కవరు అంటించేసింది. అర నిమిషం పట్టలేదు.

ఆటలు మొదలయ్యాయి. మొదటి శనివారమే నా ఒకటో నంబరు టెక్సస్, ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడింది. అదే రోజు క్లెమ్సన్ కూడా ఓడింది. పర్వాలేదు, యూనిట్ టెస్టులో తప్పినా పబ్లిక్‌లో వస్తాయిలే అనుకున్నాను. సెప్టెంబరు 20న అల్లుడు నన్ను స్టేడియానికి తీసుకెళ్లాడు. రాత్రిపూట ఆట. యాభై వేల మంది ఎర్ర చొక్కాలు. తొమ్మిదో ర్యాంకులో ఉన్న ఇలినాయి జట్టుని ఇండియానా కుర్రాళ్లు 63-10తో చితక్కొట్టారు. పక్కింటాయన సగం ఆటకి లేవలేదు. ఆఖరి దాకా టోపీ చేత్తో పట్టుకుని అలా నిలబడే ఉన్నాడు.

అక్టోబరులో పెన్ స్టేట్ సంగతి తేలిపోయింది. నా రెండో నంబరు. అప్పటిదాకా ఒక్క ఆటా గెలవని యూసీఎల్‌ఏ చేతిలో ఓడింది, మర్నాటి వారం నార్త్‌వెస్టర్న్ చేతిలోనూ ఓడింది. వెంటనే కోచ్‌ని పీకేశారు. పన్నెండో ఏడు నడుస్తున్న మనిషిని! ఆగస్టులో రెండో ర్యాంకు ఇవ్వకుండా, ఏ పదిహేనో ఇచ్చి ఉంటే ఆయన ఉద్యోగం ఉండేదేమో. ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచించాను. ముందే పెద్ద అంకె వేస్తే దాని కింద నలిగిపోయేవాళ్లుంటారు. చిన్న అంకె వేస్తే... అంతకంటే ఆలోచించబుద్ధి కాలేదు. లేచి మంచినీళ్లు తాగి పడుకున్నాను.

మనవడు ఇంకో కిటుకు చెప్పాడు. ఆగస్టులో పైన ఉన్న జట్టు ఓడినా మెల్లగా కిందికి దిగుతుందట. కింద ఉన్న జట్టు గెలిచినా ఒక్కో మెట్టే ఎక్కుతుందట. మొదట వేసిన అంకె ఓటరు బుర్రలోంచి పోదు. అందుకే, ఆఖరున పోటీకి పన్నెండు జట్లని ఎంపిక చేసే కమిటీ నవంబరు దగ్గర పడేదాకా జాబితా ప్రకటించదు. 'కనీసం ఎనిమిది తొమ్మిది ఆటలు చూశాకే నోరు విప్పుతారు తాతయ్యా' అన్నాడు. నేను ఒక్క స్లిప్ టెస్టుకే విప్పేవాణ్ణి.

నవంబరు 8న పెన్ స్టేట్ ఊళ్లోనే ఆట. రెండు నిమిషాలు కూడా లేవు, ఇండియానా వెనకబడి ఉంది. ఫెర్నాండో మెండోసా అనే కుర్రాడు, కాలిఫోర్నియా నుంచి కొత్తగా మారి వచ్చినవాడు, బంతి విసురుతూ విసురుతూ మైదానమంతా దాటించాడు. ముప్ఫై ఆరు సెకన్లు ఉండగా ఒమర్ కూపర్ గాల్లోకి ఎగిరి బంతి పట్టుకుని, ఒక్క పాదం వేలు గీత లోపల ఆనించి బయటపడ్డాడు. 27-24. మా ఆవిడ చేతిలో చాటలో కందిపప్పు కార్పెట్ పాలైంది. తర్వాత ఒహాయో స్టేట్‌ని 13-10తో గెలిచి కూటమి కప్పు తెచ్చుకున్నారు. మెండోసాకి హైస్మన్ బహుమతి వచ్చింది. జనవరి ఒకటిన అలబామాని 38-3తో, తొమ్మిదిన ఒరెగాన్‌ని 56-22తో గెలిచారు. సంక్రాంతి నాడు మా అమ్మాయి గుమ్మంలో సుద్దతో ముగ్గు వేసి మధ్యలో ఎర్ర రంగు నింపింది. ఈసారి గొబ్బెమ్మలకి బదులు కోలబంతి పెట్టాడు మనవడు.

జనవరి 19న ఫైనల్. మయామీ జట్టుతో, మయామీ వాళ్ల సొంత మైదానంలోనే. నాలుగో క్వార్టరులో, నాలుగో ప్రయత్నంలో, మెండోసా బంతి విసరకుండా తనే పట్టుకుని పరిగెత్తాడు. ఇద్దరు ముగ్గురు మీద పడ్డా విదిలించుకుని గీత మీదికి చేపలా దూకాడు. 27-21. పదహారు ఆటలకి పదహారూ గెలిచి ఇండియానా చాంపియన్! కిర్క్‌వుడ్ వీధిలో గడ్డ కట్టే చలిలో పిల్లలు వేలమంది. అల్లుడూ మనవడూ కారేసుకుని వెళ్లి, గొంతులు పోగొట్టుకుని వచ్చారు.

అర్ధరాత్రి దాటాక కవర్లు తీశాం. అల్లుడు ఇండియానాకి తొమ్మిది వేశాడు. మనవడు అయిదు. మా ఆవిడ జాబితాలో లేదు, నా దాంట్లో లేదు. నా మొదటి నాలుగింటిలో మూడు అసలు ఆ పన్నెండు జట్లలోకే రాలేదు. ఆఖరున అమ్మాయి కవరు. కాగితం మీద ఒక్కటే మాట. ఇండియానా.

'అమ్మా, చీటింగ్! ఇరవై అయిదు రాయాలి' అని మనవడు గోల. 'నాకు తెలిసింది ఇదొక్కటేరా, మనూరు కదా' అంది.

వాళ్లు పడుకున్నాక వంటింట్లో నేనూ అదీ మిగిలాం. పాలగిన్నె తోముతూ, అటు తిరిగే అడిగింది.

'నాకు ఎంత వేశారో గుర్తుందా నాన్నగారూ?'

'నలభై అయిదు.'

'ఒక్క మార్కు తప్పారు.'

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది అనిపించింది. 'నిన్ను స్పెషల్ క్లాసులో కూర్చోబెట్టాల్సిందమ్మా' అన్నాను. ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది ఆ వాక్యం నోటికి రావడానికి.

'రోజూ అక్కడే ఉండేదాన్ని కదా. సైకిల్ స్టాండ్ దగ్గర. మీరు క్లాసయ్యాక వస్తే మీ సైకిలు మీద ఇంటికి రావచ్చని. చీకటి పడితే ఒక్కదాన్నే నడవాలంటే భయం' అంది.

నిజమే. రోజూ వెనక క్యారియర్ మీద కూర్చునేది. రెండు గంటలు అది ఎక్కడ ఉంటుందో నేనెప్పుడూ అడగలేదు. కిటికీకి ఇవతల నేను అరవై దాటేవాళ్లకి సైన్ తీటా, కాస్ తీటా చెబుతున్నాను.

ఏదో అందామనుకున్నాను. అది గిన్నె బోర్లించి, 'పొద్దున్నే ఆరింటికి డ్యూటీ నాన్నగారూ, పడుకోండి' అని లైటు తీసేసింది.

నిద్ర పట్టలేదు. అయిదింటికే లేచి అల్లుడి కోటు, బూట్లు తొడుక్కుని బయటికెళ్లాను. దాని కారు అద్దాలన్నీ మంచుతో తెల్లగా గట్టిపడి ఉన్నాయి. గీకే ప్లాస్టిక్ బద్ద ఎక్కడుంటుందో రోజూ చూస్తున్నాను కాబట్టి తెలుసు. ముందు అద్దం అయింది, పక్క అద్దాలు అయ్యాయి. వెనక అద్దం సగంలో ఉండగా తలుపు తెరుచుకుంది.

'నాన్నగారూ! చెవులకి టోపీ ఏదీ?' అని కేకేసింది. నేను గీకడం ఆపలేదు.